బిల్లు పాస్ చేసే ముందు ఈ అద్దాలు పెట్టుకోండి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మ మీ పత్రిక జిల్లా పేజీని అక్షరం పొల్లుపోకుండా చదువుతుంది. అదే మనిషి పోయిన నెల హన్మకొండలో ఒక ఆఫీసు మెట్ల మీద పడింది. "పేపర్ చదివే ఆమెకు మెట్టు కనపడలేదా?" అని అక్కడి అటెండరు నవ్వాడు. అమ్మకు నీటికాసులు, అంటే గ్లకోమా అనే కంటిజబ్బు. 2018లో కంటి వెలుగు శిబిరానికి పోతే బయటపడింది. చూపు నడుమ బాగానే ఉంది, చుట్టుపక్కలదే పోయింది. అది ఏ అద్దాలతోనూ తిరిగి రాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం చూపు పరిధి 10 డిగ్రీల లోపుకు కుంచించుకుపోతే, సన్న అక్షరాలు చదవగలిగినా అంధత్వం కిందే లెక్క. ఈ ముక్క అటెండరుకు ఎవరు చెప్పాలి?

ఆ మెట్లు పాలిష్ పట్టిన బూడిదరంగు గ్రానైట్. మిట్టమధ్యాహ్నం పైనుంచి చూస్తే మూడు మెట్లూ కలిసి ఒకే బండలా ఉన్నాయి. "మెట్లెక్కడున్నయి బిడ్డా, నాకు నేలే కనబడ్డది" అంది అమ్మ.

ఇంటికొచ్చాక మావాడు పాత కళ్లద్దాలకు నల్లకాగితం అంటించి, నడుమ బఠానీ గింజంత రంధ్రం చేసిచ్చాడు. పెట్టుకుని నాలుగడుగులు వేశానో లేదో, గడప తగిలి బొటనవేలు చిట్లింది. ఇంకో జతకు వ్యాజ్‌లైన్ రాస్తే శుక్లాల మసక. మూడో జతకు నడుమ స్టిక్కర్ బొట్టు పెడితే రెటీనా నడిభాగం దెబ్బతిన్నవారి చూపు. అయితే మనం బొట్టు పక్కనుంచి తొంగి చూడగలం, వాళ్లకు ఆ మచ్చ కంటితోపాటే తిరుగుతుంది. నల్లకాగితం కూడా పూర్తి నిజం కాదు. అమ్మకు చుట్టూ నలుపేమీ కనపడదు. అక్కడ ఏదో లేదన్న సంగతే తెలియదు. పడింది అందుకే.

నేను కోరేది ఒక్కటే. మెట్లు, ఫుట్‌పాత్‌లు, బోర్డుల పనులకు బిల్లు పాస్ చేసే ఇంజినీరు, ముందు ఈ అద్దాలు పెట్టుకుని అక్కడ నడవాలి. మెట్టు అంచున పసుపు పట్టీకి ఎంత ఖర్చవుతుంది? ఫుట్‌పాత్ మీద పసుపు టైల్స్‌లో గీతలుంటే నడవమని, చుక్కలుంటే ఆగమని అర్థం. జపాన్‌లో సెయిచీ మియాకే తయారుచేసిన ఈ టైల్స్‌ను 1967లోనే ఒకాయామాలో పరిచారు. మా వైపు ఒక రోడ్డులో ఆ గీతలు నేరుగా పోయి కరెంటు స్తంభానికి తగులుతున్నాయి.

దీన్ని ఫొటోలు దిగి "అయ్యో పాపం" అనుకునే కార్యక్రమం మాత్రం చేయొద్దు. కళ్లకు గంతలు కట్టుకుని చూసినవాళ్లు అంధుల సామర్థ్యాన్ని తక్కువగా అంచనా వేశారని 2015లో అమెరికాలో ఒక అధ్యయనం తేల్చింది. అద్దాలు పెట్టుకున్న మొదటి పది నిమిషాలు ఎవరికైనా తడబాటే. అమ్మ ఇన్నేళ్లుగా ఆ చూపుతోనే వంట చేస్తోంది, పప్పుచారులో ఉప్పు ఒక్కనాడూ తప్పలేదు. అందుకే ఇంజినీరు పక్కన చూపు తగ్గిన మనిషి ఒకరు ఉండాలి. ఊరికే కాదు, ఫీజు ఇచ్చి పిలవాలి.

అమ్మ వస్తానంటోంది. మెట్ల దగ్గర కుర్చీ వేస్తే చాలట.

— ఒక రిటైర్డ్ టీచర్, హన్మకొండ