పోచంపల్లి పేరుకు కాపలా ఎవరు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. శ్రావణమాసం ముందు మా దుకాణానికి హైదరాబాద్ నుంచి తల్లీకూతుళ్లు వచ్చారు. ఎరుపు మీద నల్లంచు పట్టుచీర ఒకటి కూతురు ఒళ్లో పెట్టుకుని వదల్లేదు. పన్నెండు వేలు చెప్పాను. తల్లి ఫోన్ తీసి నా ముందు పెట్టింది. అదే ఎరుపు, అదే నల్లంచు, అవే ఏనుగుల వరసలు. కింద 'పోచంపల్లి ఇక్కత్ పట్టుచీర' అని రాసి ఉంది. ధర 899 రూపాయలు. "ఇదీ మీ ఊరి చీరే కదమ్మా, మరి ఇంత తేడా ఏంటి?" అని అడిగింది. అది బట్ట మీద అచ్చు వేసిన డిజైన్ అనీ, మాది పోగుపోగుకూ రంగు పట్టించి నేసిందనీ చెప్పాను. రంగు రెండు వైపులా ఒకేలా ఉందని చీర తిరగేసి కూడా చూపించాను. ఓపిగ్గా విన్నారు, కొనకుండానే వెళ్లారు. ఆమెను తప్పుపట్టలేను. ఫోన్‌లో కనబడిన పేరు నిజమని నమ్మింది, అంతే. ఆ పూట మా మామయ్య మగ్గం గుంటలోకి దిగలేదు.

మా పని చూడనివాళ్ల కోసం నాలుగు మాటలు చెప్తాను. ఆసు పోయడం ఒకప్పుడు మా అత్తగారి పని, ఇప్పుడు నాది. అర్ధచంద్రాకారంగా నాటిన మేకుల చుట్టూ ఒక్క పోగును అటూ ఇటూ వేలసార్లు తిప్పాలి. సాయంత్రానికి భుజం లేచేది కాదు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి పడే ఆ బాధ చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చినప్పుడు మా వాడలో ఆడవాళ్లందరం మాకే వచ్చినట్టు సంబరపడ్డాం. ఆసు అయ్యాక గ్రాఫు కాగితం మీద గీసిన డిజైన్ ప్రకారం పోగుల కట్టలకు రబ్బరు చీలికలతో చిటికీ కడతారు. కట్టిన చోట రంగు ఎక్కదు. ముంచి, ఆరబెట్టి, కొన్ని ముడులు విప్పి, కొన్ని కొత్తగా కట్టి, మళ్లీ ముంచాలి. డిజైన్‌లో ఎన్ని రంగులుంటే అన్నిసార్లు ఇదే పని. పడుగులోని (నిలువు పోగుల) చుక్క మీద పేకలోని (అడ్డం పోగుల) చుక్క సరిగ్గా కూర్చుంటేనే ఏనుగు ఏనుగులా కనిపిస్తుంది. వెంట్రుకవాసి తేడా ఎప్పుడూ ఉంటుంది కాబట్టే మా బొమ్మల అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. అచ్చు వేసేవాళ్లు ఇప్పుడు ఆ చెదురును కూడా కంప్యూటర్‌లో గీసి ముద్రిస్తున్నారు.

మాకు చట్టం లేక ఇలా జరగడం లేదు. ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందానికి తగ్గట్టు మన పార్లమెంటు 1999లో భౌగోళిక గుర్తింపు (జీఐ) చట్టం చేసింది. ఒక ఊరి పేరుతో పేరుపడ్డ సరుకు పేరును ఇతరులు వాడుకోకుండా కాపాడేది ఇదే. అది 2003 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. ఆ వెంటనే, 2004-05లో, డార్జిలింగ్ టీతో పాటు తొలి వరుసలో జీఐ అందుకున్నవాటిలో పోచంపల్లి ఇక్కత్ ఒకటి. ఆ పేరును తప్పుగా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల దాకా జరిమానా అని 39వ సెక్షన్ చెబుతోంది. కాగితం మీద ఇంతకంటే గట్టి కాపలా ఏం కావాలి?

మగ్గం దగ్గరికి వచ్చేసరికి అసలు చిక్కు మొదలవుతుంది. ఆ పేరు హక్కు ఊళ్లోని సంఘాల పేరిట నమోదైంది. నేసేవాళ్లు విడిగా 'ఆథరైజ్డ్ యూజర్'గా చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో పేరు ఎక్కించుకోవాలి. అలా ఎక్కించుకున్నవాళ్లకే ఆ పేరు వాడుకునే హక్కు, దాన్ని కాజేసినవాళ్ల మీద దావా వేసే హక్కు. తాతల కాలం నుంచి నేస్తున్నా రిజిస్టర్‌లో పేరు లేకపోతే సొంతంగా కోర్టుకు పోలేం. దీని రుసుమును కేంద్రం 2020లో 500 రూపాయల నుంచి 10 రూపాయలకు తగ్గించింది. మంచి పని చేశారు. కానీ ఆ దరఖాస్తు ఒకటుందని మా వాడకొచ్చి చెప్పినవాళ్లు లేరు. నేనూ ఆ 899 చీర చూసి కడుపు మండాకే వెతికి తెలుసుకున్నాను.

పోలీసుల దగ్గరికి పోదామంటే అదే జీఐ చట్టంలోని 50వ సెక్షన్ అడ్డం. సోదా చేసి సరుకు స్వాధీనం చేసుకునే అధికారి డీఎస్పీ స్థాయికి తగ్గకూడదు. ఆయన కూడా ముందు చెన్నై రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకుని దానికి కట్టుబడాలి. ఆ అభిప్రాయం ఇన్ని రోజుల్లో ఇవ్వాలని ఆ సెక్షన్‌లో గడువు లేదు. పండగ సరుకు దుకాణంలో నిలిచేది రెండు మూడు వారాలు. ఉత్తరం వెళ్లి జవాబు వచ్చేలోపు ఆ చీరలు ఎవరెవరి బీరువాల్లోకో చేరిపోతాయి.

ఇక ఆన్‌లైన్ సంగతి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఒక లోపం ఉంది. కాపీరైట్ చట్టం, ట్రేడ్‌మార్క్ చట్టం, ఐటీ చట్టం కింద తొలగించిన సరుకును మళ్లీ మళ్లీ అమ్మకానికి పెట్టేవాళ్ల వివరాలు వెబ్‌సైట్లు నమోదు చేసి ఉంచాలని అందులో రాశారు. ఆ వరసలో జీఐ చట్టం పేరు లేదు. పెద్ద కంపెనీల బూట్లకూ గడియారాలకూ ఉన్న రక్షణ మా చీరకు లేకుండా పోయింది. ఒక్క వాక్యం చేర్చితే సరిపోయే పని ఇది. మన రెండు రాష్ట్రాల ఎంపీలు పార్లమెంటులో ఈ ఒక్క సవరణ అడిగితే పోచంపల్లికే కాదు, గద్వాల, వెంకటగిరి, ఉప్పాడ చీరలకూ, కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకూ మేలు జరుగుతుంది.

డార్జిలింగ్ టీ పేరును ఎవరైనా వాడుకుంటే కోర్టులో నిలబడేది టీ బోర్డు. దానికి ప్రభుత్వ బలం, లాయర్లు, లోగో అన్నీ ఉన్నాయి. మా తరఫున నిలబడాల్సింది నూలుకూ రంగులకూ అప్పులు చేసుకునే మా సంఘాలే. వాళ్లను నిందించడానికి ఈ మాట అనడం లేదు, బరువు మోయలేనివాళ్ల నెత్తిన పెట్టారని చెబుతున్నాను. శ్రీనగర్‌లో పష్మీనా శాలువాలను పరీక్షా కేంద్రంలో చూసి, చేత్తో వడికి నేసిందని తేలాకే ఒక్కో శాలువాకు విడిగా లేబుల్ వేస్తారు. కొనేవాళ్లు దుకాణదారు మాట మీద ఆధారపడక్కర్లేదు. పోచంపల్లిలో అలాంటి కేంద్రం ఒకటి పెడితే ఆ తల్లికి నేను చీర తిరగేసి చూపించాల్సిన అవసరం ఉండదు.

పేద దేశాల వల్ల ఇవన్నీ అయ్యే పనులు కావనేవాళ్లు ఇథియోపియాను చూడాలి. హరార్, సిడామో, యిర్గాచెఫె అనే తమ కాఫీ పేర్ల కోసం ఆ ప్రభుత్వం 2005లో అమెరికాలో ట్రేడ్‌మార్క్ దరఖాస్తులు పెట్టింది. రైతుల తరఫున ప్రభుత్వమే నిలబడింది. స్టార్‌బక్స్ అంతటి కంపెనీ 2007లో దిగివచ్చి ఒప్పందం చేసుకుంది.

మా కుర్రవాళ్లకు ఒక మాట. కొత్త డిజైన్ మగ్గం దిగగానే వాట్సాప్ స్టేటస్‌లో పెడుతున్నారు. డిజైన్ల చట్టం కింద రక్షణ కావాలంటే దరఖాస్తుకు ముందు ఆ డిజైన్ బయటి ప్రపంచం చూసి ఉండకూడదు. ఫోటో ఊరంతా తిరిగాక దాన్ని కొత్తదని నమోదు చేయించుకోవడం కుదరదు. ముందు దరఖాస్తు పెట్టండి, తరువాతే ఫోటో.

చేనేత శాఖను నేను అడిగేది పెద్దదేం కాదు. పోచంపల్లి, కొయ్యలగూడెం, పుట్టపాక లాంటి ఊళ్లలో వారం రోజులు శిబిరం పెట్టి, మగ్గం ఉన్న ప్రతి ఇంటి దరఖాస్తు అక్కడే నింపించి చెన్నైకి పంపండి. ఆసు పోసే, చిటికీ కట్టే ఆడవాళ్ల పేర్లు కూడా ఎక్కించే దారి చూడండి.

మా వీధిలో పదకొండు మగ్గాల ఇళ్లున్నాయి. అన్ని ఇళ్లకూ వెళ్లి అడిగాను, ఒక్కరికీ ఆథరైజ్డ్ యూజర్ నంబరు లేదు. నిన్న రాత్రి మా మామయ్య దరఖాస్తు నింపాం. వృత్తిలో ఎన్నేళ్లుగా ఉన్నారని అడిగితే ఆయన చాలాసేపు వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని, యాభై రెండు అన్నారు. ఆదివారం మిగతా పది ఇళ్లవాళ్లూ ఆధార్ కార్డులు పట్టుకుని మా ఇంటికి వస్తున్నారు.

ఇట్లు,
ఒక చేనేత కుటుంబపు కోడలు,
భూదాన్ పోచంపల్లి, యాదాద్రి భువనగిరి జిల్లా.