లేఅవుట్‌లో సిమెంటు ఫ్యాక్టరీ సైడింగ్

మిత్రులకు నమస్కారం. మా ఇంట్లోని హెచ్‌వో సైజు (అసలు రైలులో 87వ వంతు) మోడల్ రైల్వే లేఅవుట్‌లో కిటికీ వైపు భాగాన్ని విప్పి, సిమెంటు ఫ్యాక్టరీకి షంటింగ్ (వ్యాగన్లను విడదీసి, కలిపి వరుస మార్చే పని) లైన్లు వేస్తున్నాను. రైలు చుట్టూ తిరుగుతుంటే చూడముచ్చటే, కానీ అసలు ఆనందం షంటింగ్‌లోనే ఉందని నా నమ్మకం.

బ్రిటన్ మోడలర్ అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ పద్ధతినే ఎంచుకున్నాను. మూడు సైడింగులు (వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు): ఒకదానిలో 5 వ్యాగన్లు పడతాయి, మిగతా రెండింటిలో మూడేసి. ఇంజను వెనక్కీ ముందుకీ జరిగే లైనులో ఇంజనుతో పాటు 3 వ్యాగన్లకే చోటు. మొత్తం 8 వ్యాగన్లలో చీటీలు తీసి, వచ్చిన వరుసలోనే 5 వ్యాగన్ల రైలు కూర్చాలి. సాధ్యమయ్యే వరుసలు 6,720! ఇంత తక్కువ చోటులో ఇంత ఆట మరెక్కడా లేదు.

నెమ్మదిగా నడిచే చిన్న ఇంజను పాయింట్ల (పట్టాలు చీలే చోట్ల) మీద కరెంటు అందక ఆగకూడదు కనుక లోహపు ఫ్రాగ్ (పాయింటులో పట్టాలు ఒకదాన్నొకటి దాటే ముక్క) ఉన్నవే వాడతాను. వాటి వైరింగ్ తెలిసినవారు ఆదివారం ఉదయం తప్పక రండి.