వాడిన వస్తువులకు వివరాల చీటీ తప్పనిసరి చేయాలి

వాడిన దుస్తులు, గృహోపకరణాలు అమ్మే చాలా దుకాణాల్లో ఆ వస్తువును ఎంతకాలం వాడారో, ఏ భాగం మార్చారో, ఏ లోపం మిగిలి ఉందో కొనేవారికి తెలిపే ఏర్పాటు లేదు. ఒక నూలు టీషర్టుకు పత్తి సాగుతో కలిపి దాదాపు 2,700 లీటర్ల నీరు ఖర్చవుతుందన్న అంచనాను బట్టి చూస్తే, గట్టిగా ఉన్న బట్టను మరొకరు వాడుకోవడం మెచ్చదగినదే. పైగా బట్టల విషయంలో కొనేవారు తమ జాగ్రత్త తాము పడగలరు: చంకల దగ్గర, కుట్ల వెంట వెలుతురుకు పట్టి చూస్తే అరుగుదల తెలిసిపోతుంది, 60 డిగ్రీల సెల్సియస్ వేడినీటిలో ఉతికితే నల్లులు, వాటి గుడ్లు చస్తాయి (ఆ వేడికి ఉన్ని ముడుచుకుపోతుందన్నది వేరే సంగతి). చిక్కంతా కంటికి కనిపించని లోపాలతోనే. నేను చూసిన దుకాణాల్లో ఇస్త్రీపెట్టెలను, హీటర్లను తుడిచి మెరిపించి పెడుతున్నారే తప్ప, తీగ పైపొర పగిలిందా, ఎర్త్ తీగ ఊడిందా అని పరీక్షించిన ఆనవాలు లేదు. అడిగితే ప్లగ్గు పెట్టి చూసుకోమంటారు గానీ, వేడెక్కినంత మాత్రాన ఆ పరికరం సురక్షితమని చెప్పలేం. ఒకసారి గట్టి దెబ్బ తిన్న హెల్మెట్, ప్రమాదానికి గురైన కారులోని పిల్లల సీటు పైకి బాగానే కనిపించినా లోపల బలహీనపడి ఉండవచ్చు కనుక, పూర్వాపరాలు తెలియకుండా వాటిని అమ్మడం నా దృష్టిలో బాధ్యతారాహిత్యమే. విద్యుత్ పరికరాలకు పరీక్షించిన తేదీని, మిగిలినవాటికి తెలిసిన లోపాలను చూపే చీటీని స్థానిక సంస్థలు తప్పనిసరి చేసి, అందులో రాయని లోపం వారంలోపు బయటపడితే సొమ్ము తిరిగి ఇవ్వాలన్న నిబంధన పెట్టాలి. పూర్వాపరాలు తెలియని హెల్మెట్లు, పిల్లల సీట్ల అమ్మకాన్ని పూర్తిగా ఆపాలి.