అండర్-10 ఫుట్‌బాల్ జట్టు గురించి తల్లిదండ్రులకు

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన శనివారం మ్యాచ్ గురించి వాట్సాప్ గ్రూపుల్లో గట్టిగానే చర్చ నడుస్తోందని తెలిసింది. బాగా ఆడుతున్న బాబును రెండో సగంలో కూర్చోబెట్టి కొత్తవాళ్లను దింపారని, అందుకే ఓడిపోయామని కొందరి బాధ. ఆ నిర్ణయం కోచ్ సార్ ఒక్కరిదే కాదు, బడిది. వచ్చే మ్యాచ్‌లోనూ అందరూ ఆడతారు.

పదేళ్లలోపు పిల్లలకు కావలసింది కప్పు కాదు, కాలికి బంతి తగలడం. పెద్ద మైదానంలో పదకొండేసి మందిని వదిలితే ఇద్దరు ముగ్గురు పరుగెత్తుతారు, మిగతావాళ్లు చూస్తూ నిలబడతారు. అందుకే ఐదుగురేసి చొప్పున చిన్న కోర్టులో, నాలుగో సైజు బంతితో ఆడిస్తాం. తలతో కొట్టనివ్వం. ఎవరి స్థానం ఏది, పాసు ఎప్పుడివ్వాలి అన్నవి తర్వాత గట్టిగా నేర్పుతాం. 13, 14 ఏళ్లకు ఒక్కసారిగా పొడుగెదిగే పిల్లలు తమ కాళ్లే తమకు అడ్డమై తడబడతారు, అప్పుడు కసరత్తు తగ్గించి ఓపిక పట్టాలి. గెలుపు లెక్కలు ఆ పైమాట. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణం సాధించిపెట్టిన కోచ్, మన హైదరాబాద్ సయ్యద్ అబ్దుల్ రహీం గారు బడిపంతులే. అలవాటు లేని కాలితోనే ఆడాలన్న నియమంతో ఆయన ఇక్కడ పోటీలు నడిపారు.

మన నాలుగో తరగతి పాప ఒకరు జూన్‌లో బంతి వస్తే పక్కకు తప్పుకునేది. శనివారం ఎడమకాలితో బంతి ఆపి, తలెత్తి చూసి, ఖాళీగా ఉన్న స్నేహితురాలికి అందించింది. గోల్ కాలేదు. అయినా ఆ రోజు అంత చక్కని ఆట ఇంకొకటి లేదు!

అదే మ్యాచ్‌లో ఒక బాబు బంతి అందిన ప్రతిసారీ కంచె దగ్గరున్న నాన్న వైపు చూసి, ఆ తర్వాతే కొట్టాడు. దయచేసి చప్పట్లు మీరు కొట్టండి, సూచనలు కోచ్ సార్‌ని ఇవ్వనివ్వండి. రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్ చూసి, పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చే పిల్లలు పది నిమిషాలకే కూలబడుతున్నారు. రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో పెట్టి పంపితే సంతోషిస్తాం. ఐదో తరగతి పిల్లలకు బూట్ల లేసులు కూడా అమ్మలే కడుతున్నారు. మీ ప్రేమ మాకు తెలుసు, ఇకపై వాళ్లనే కట్టుకోనివ్వండి.



వచ్చే శనివారం మ్యాచ్ ఉదయం ఏడింటికి. మీ కుర్చీలు కోర్టు గీతకు దూరంగా, వేపచెట్ల కింద వేయిస్తున్నాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు