మాహిం అని పేరున్న ఇల్లు

శ్రూజ్‌బరీ, ఇంగ్లండు
నవంబరు 12

నాన్నగారికి నమస్కారం.

మేమంతా ఇక్కడ క్షేమం. అమ్మ పంపిన కందిపొడి, మాగాయ అందాయి. సీసా మూత కొంచెం వదులై, చుట్టి పంపిన మీ పాత లుంగీకి నూనె పట్టింది. రెండుసార్లు ఉతికినా వాసన పోలేదు. పోకపోయినా నాకేం బాధ లేదు.

"ఆ ఊళ్ళో చూడ్డానికి ఏముందమ్మా?" అని పోయిన వారం అడిగారు. ఫోన్లో చెబితే సగంలోనే అమ్మకిచ్చేస్తారు. అందుకే రాస్తున్నాను.

ముందు మీకు నచ్చేది చెబుతాను. ఇక్కడి స్టేషన్ పక్కన 1903లో కట్టిన సిగ్నల్ కేబిన్ ఉంది. అందులో సిగ్నళ్ళూ పట్టాలూ మార్చే లీవర్లు 180. ఇంకా పనిచేస్తున్న లీవర్ కేబిన్లలో ప్రపంచంలోకెల్లా ఇదే పెద్దదట. చూడగానే నిడదవోలు గుర్తొచ్చింది. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు మీరు కేబిన్‌లోకి తీసుకెళ్ళి "లాగు చూద్దాం" అన్నారు. రెండు చేతులతో వేలాడినా లీవర్ కదల్లేదు. మీరంతా నవ్వారు.

ఈ ఊరి రైల్వేలోనే 1907 నుంచి టామ్ ఓవెన్ అని ఒకాయన పనిచేశాడు. ఆయన ఇల్లు మాంక్‌మూర్ రోడ్డులో ఉంది. నేను డ్యూటీకి వెళ్ళే దారే. ఆయన పెద్దకొడుకు విల్‌ఫ్రెడ్ మొదటి ప్రపంచయుద్ధంలో చనిపోయాడు. యుద్ధం మీద అతను రాసిన కవితలు ఈ దేశంలో బడుల్లో చదివిస్తారు. ఈ ఊళ్ళో అబ్బే చర్చిలో యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లున్న పలక మీద అతని పేరూ ఒకటి. కవి అని లేదు, అందరితో పాటే. మొన్న ఆదివారం పువ్వులు పెట్టడానికి జనం వస్తే నేనూ వెళ్ళి నిలబడ్డాను. అమ్మమ్మగారి మాధవరంలో సైనికుల స్తూపం దగ్గర నిలబడ్డట్టే అనిపించింది.

ఇక అసలు సంగతి. ఓవెన్ వాళ్ళింటి పేరు ఏమిటో తెలుసా? మాహిం! బొంబాయి మాహిమే. ఇంత చలి ఊళ్ళో, ఎర్రిటుక ఇంటికి ఆ పేరేమిటా అని ఆరా తీశాను. టామ్‌కి చిన్నప్పటినుంచీ సముద్రం పిచ్చి. వయసులో ఉండగా ఓడెక్కి మన దేశానికి వచ్చి, కొన్నాళ్ళు అక్కడి రైల్వేలో పనిచేశాడు. తరవాత తిరిగొచ్చి సూసన్‌ని పెళ్ళాడి, గుమాస్తాగా స్థిరపడ్డాడు. ఓడలు మానేశాడు కానీ పేరు మాత్రం గుమ్మానికి తగిలించుకున్నాడు.

పెళ్ళయ్యాక కాపురం ఆజ్వెస్ట్రీలో మామగారింట్లో. ఇల్లరికం అనుకోండి. మామగారు ఒకప్పుడు ఆ ఊరి మేయరు. తోట, పనివాళ్ళు, అంతా దర్జా. విల్‌ఫ్రెడ్ 1893 మార్చి 18న అక్కడే పుట్టాడు. ఏడాది నిండకముందే వాళ్ళమ్మ వాడి జుట్టు కాస్త కత్తిరించి కవర్లో దాచి, పైన "సర్ విల్‌ఫ్రెడ్" అని రాసుకుందట. ఎన్ని ఆశలో చూడండి! 1897లో ముసలాయన పోయాడు. చూస్తే చేతిలో డబ్బు లేదు. ఇల్లు అమ్మేశారు. నలుగురు పిల్లలతో బర్కెన్‌హెడ్‌లో అద్దె ఇళ్ళు, అక్కడ స్టేషన్ మాస్టరు ఉద్యోగం, మళ్ళీ ఈ ఊరికి బదిలీ. ఈ బదిలీల సంగతి మీకు నేను చెప్పాలా?

పెద్దాడికి చదువంటే ప్రాణం. పరీక్ష ప్యాసయ్యాడు కానీ స్కాలర్‌షిప్ వచ్చేంత మార్కులు రాలేదు. ఫీజు కట్టే స్తోమత టామ్‌కి లేదు. యూనివర్సిటీ అక్కడితో ఆగిపోయింది. అబ్బాయి ఒక చర్చిలో ఫాదరుకి సహాయకుడిగా, తరవాత ఫ్రాన్సులో ఇంగ్లీషు చెబుతూ కాలం గడిపి, 1915లో సైన్యంలో చేరాడు. ఆ ఫీజు కట్టగలిగి ఉంటే ఏమయ్యేదో! చదువుకున్నవాళ్ళూ పోయారు లెండి ఆ యుద్ధంలో.

అందరూ తల్లీకొడుకుల గురించే చెబుతారు. చెప్పుకోవలసిందే. మిగిలిన అతని ఉత్తరాల్లో చాలాభాగం అమ్మకి రాసినవే. చివరిది 1918 అక్టోబరు 31న, పొగ నిండిన ఒక నేలమాళిగలోంచి. ఇక్కడేం ప్రమాదం లేదని రాశాడు. నవంబరు 4న ఫ్రాన్సులో ఒక కాలవ దాటబోతుంటే చంపేశారు. ఇరవై అయిదేళ్ళు.

వారం తరవాత, 11వ తారీఖు మధ్యాహ్నం, యుద్ధం అయిపోయిందని ఊళ్ళో గంటలు మోగుతుంటే టెలిగ్రాం వచ్చింది. మనింట్లో టెలిగ్రాం అంటే చదవకుండానే నాయనమ్మ ఏడుపు మొదలుపెట్టేదని మీరు చెప్పేవారు. వీళ్ళకి ఆ రోజు మాత్రం భయం పోయి ఉంటుంది కదా, యుద్ధం అయిపోయిందని. నాకు దాని మీదే మనసు పోతోంది.

ఓడ మీద ఉన్న తమ్ముడు హెరాల్డ్‌కి తన గదిలో అన్న కుర్చీలో కూర్చుని కనిపించాడట. ఆయనే రాసుకున్నాడు. నమ్మాలో లేదో మీ ఇష్టం.

సమాధిరాయి మీద కొడుకు కవితలోంచి ఒక మాట చెక్కించింది తల్లి. అతను దాన్ని ప్రశ్నగా రాశాడు, ఈవిడ చివరి ప్రశ్నగుర్తు తీసేయించింది. చావు ఉండదని చెబుతున్నట్టు మారిపోయింది. పండితులు తప్పు పడతారు. నేను పట్టలేను. 1920లో ఆవిడ మన రవీంద్రుడికి ఉత్తరం రాసింది. కొడుకు చివరిసారి వెళ్ళేముందు చెప్పిన మాటలు మీవే, అతని జేబు పుస్తకంలోనూ కనిపించాయి, అవి ఏ పుస్తకంలోవి అని అడిగింది.

టామ్ ఎక్కడా ఏమీ రాసినట్టు నాకు కనపడలేదు. 1931లో పోయాడు. ఆ రోజు టెలిగ్రాం తరవాత ఆయన మళ్ళీ డ్యూటీకి ఎప్పుడు వెళ్ళి ఉంటాడా అని ఆ ఇల్లు దాటినప్పుడల్లా అనుకుంటాను. బండ్లు ఆగవు కదా. తాతగారు పోయినప్పుడు మీరు పదకొండో రోజు కూడా కాకుండా నైటు డ్యూటీకి వెళ్ళారు. అమ్మ కోప్పడింది. మీరేం మాట్లాడలేదు.

చలి మొదలైంది. మోకాళ్ళ నూనె అయిపోతే తమ్ముణ్ణి తెమ్మనండి, మీరు బజారుకి నడవొద్దు. కేబిన్ ఫోటోలు వాడి వాట్సాప్‌కి పంపాను. లోపలికి రానివ్వలేదు, బయటినుంచే తీశాను. లీవర్లు కనపడవు, తిట్టుకోకండి.

మీ
చిన్నమ్మాయి