నాన్నా, ఆ సంచిలో ఏముందంటే

షికాగో,
ఆదివారం సాయంత్రం

నాన్నా,

మొన్న ఫోనులో నువ్వడిగినదానికి నేను జవాబు చెప్పేలోగా అమ్మ ఫోను లాక్కుంది. "సిరిమానెక్కిన పూజారిని పైడితల్లమ్మోరు సూసుకుంటాది. నిన్నెవులు సూసుకుంటారే?" అంది. నాకు నవ్వాగలేదు, దాంతో ఆవిడకి ఇంకా మండింది. అమ్మకి వేరే రాస్తాను. ఇది నీకు. "ఆ పారాచూట్ సంచిని ఎయిర్‌పోర్టులో ఎలా వదిలారే?" అన్నావు. విమానంలోంచి దూకుతున్నానంటే ఇంట్లో అందరూ ఎందుకు, ఏమిటి, పిచ్చా అన్నారు. చెకింగులో ఎలా వదిలారని అడిగింది నువ్వొక్కడివే. సర్వీసంతా జనం సంచుల్లోకి చూసినవాడివి మరి.

ఆ సంచిని ఇక్కడ రిగ్ అంటారు. బరువు పది కిలోలకి అటూ ఇటూ. అందులో పారాచూట్లు రెండు, కింద అరలో మెయిన్, పై అరలో అది పనిచెయ్యకపోతే వాడే రిజర్వ్. మెయిన్‌ని దూకిన ప్రతిసారీ నేనే మడుచుకుంటాను. రిజర్వ్‌ని మాత్రం ముట్టుకోను, నాకు ఆ లైసెన్సు లేదు. రిగ్గర్ అనే మనిషి దాన్ని మడిచి, మూత మూసే పిన్నుకి సన్నటి ఎర్ర దారం కట్టి, సీసం సీలు నొక్కి, కార్డు మీద తేదీ వేసి సంతకం పెడతాడు. ఇక్కడి రూలు ప్రకారం ఆ తేదీ నుంచి 180 రోజులే చెల్లుతుంది. వాడినా వాడకపోయినా ఆపైన విప్పి, పరీక్షించి, మళ్లీ మడవాల్సిందే. ఈలోగా ఆ దారం తెగినా మళ్లీ రిగ్గర్ దగ్గరికే. ఈ దారం సంగతి గుర్తుపెట్టుకో, మళ్లీ వస్తుంది.

మూడోది ఇంకొకటుంది. నీ స్క్రీను మీద అది కనబడితే నువ్వు బెల్టు ఆపేసేవాడివి. ఆటోమేటిక్ యాక్టివేషన్ డివైస్ దాని పేరు, అందరూ ఏఏడీ అంటారు. నాది సైప్రెస్ అనే జర్మనీ రకం, 1991లో మొదట వచ్చింది. చిన్న కంప్యూటరు అనుకో. గాలి ఒత్తిడిని బట్టి నేనెంత ఎత్తులో ఉన్నానో, ఎంత జోరుగా పడుతున్నానో లెక్కేస్తూ ఉంటుంది. నేలకి 750 అడుగుల దగ్గరికి వచ్చేసినా నేనింకా సెకనుకి 35 మీటర్లకు మించిన వేగంతో పడుతున్నానంటే, స్పృహ తప్పానో, చేతులు ఆడటం లేదో, ఏదో జరిగిందన్నమాట. అప్పుడు దాని వైరు చివరున్న చిన్న గొట్టంలో రవ్వంత మందు పేలి, లోపలి బ్లేడు ముందుకొచ్చి, రిజర్వ్ మూతని పట్టి ఉంచిన తాడుని (ఆ ఎర్ర దారం కాదు, ఇది వేరే) కోసేస్తుంది. రిజర్వ్ దానంతటదే తెరుచుకుంటుంది. ఈ నాలుగు ముక్కలూ అమ్మకి చదివి వినిపించు. ఎవులు సూసుకుంటారే అంది కదా, ఇదిగో ఇదే.

ఇప్పుడు నువ్వు డ్యూటీలో స్క్రీను ముందున్నావనుకో. గుడ్డ, తాళ్లు అంతా నారింజ రంగు ముద్ద. అందులో అక్కడక్కడ నీలంగా రింగులు, బకిళ్లు, ఒక హ్యాండిలు. మధ్యలో ఒక డబ్బా, దానికి బ్యాటరీ, దాన్నుంచి వైరు, వైరు కొసన ఒక లోహపు గొట్టం. ఇది చూసి కూడా ఆపనివాడు ఆ కుర్చీలో కూర్చోకూడదు. ఇక్కడ నా తోటివాళ్లు చాలామంది "ప్రతిసారీ ఆపుతారు" అని విసుక్కుంటారు. నాకెందుకో ఆ విసుగు రాదు, నీ కూతుర్ని కాబట్టేమో. ఆపాల్సిందే. ఆపాక ఏం చేస్తారన్నదే అసలు సంగతి.

1999లో కాందహార్ హైజాక్ జరిగాక, 2000లో జైపూర్‌తో మొదలుపెట్టి మీ సీఐఎస్‌ఎఫ్‌ని ఎయిర్‌పోర్టులకి తెచ్చారని నువ్వే చెప్పావు. నిన్ను స్టీలు ప్లాంటు గేటు నుంచి ఎయిర్‌పోర్టుకి మార్చినప్పుడు అమ్మ నీకూ ఇలాగే క్లాసు పీకింది. ఇక్కడ ఆ పని చేసేది టీఎస్‌ఏ. అదీ 2001 సెప్టెంబరు దాడుల తర్వాత పుట్టిందే. పారాచూట్‌ని చేతి సామానుగా తీసుకెళ్లినా, చెక్-ఇన్ చేసినా, ఏఏడీ ఉన్నా లేకపోయినా, వాళ్ల రూలు ఒప్పుకుంటుంది. వేరే సామాన్లు అందులో కుక్కకుండా విడిగా పెట్టుకోమంటారు. విప్పి చూడాల్సొస్తే మాత్రం దాని యజమాని పక్కనుండాలి. చెక్-ఇన్‌లో వేసిన సంచి అయితే మైకులో పేరు పిలుస్తారు. మనం వెళ్లకపోతే సంచి విమానం ఎక్కదు. అందుకే మామూలు కన్నా కనీసం అరగంట ముందు రమ్మంటారు. మన ఇంటిపేరు వాళ్లు మైకులో పలికితే పిలుస్తున్నది నన్నేనని నాకెలా తెలుస్తుంది చెప్పు. అందుకని నేను దాన్ని చేత్తోనే తీసుకెళ్తాను. సూట్‌కేసు పోతే బట్టలు పోతాయి, రిగ్ పోతే ఎంత పోతుందో నీకు చెప్పను, అమ్మ పక్కనే ఉంటుంది.

శీతాకాలంలో ఇక్కడ మంచు పడుతుంది, దూకడానికి వీలుండదు. అందరూ అరిజోనాలో ఈలోయ్ అనే ఊరికి పోతారు. అక్కడ ఎడారి, ఎండ. షికాగోలో విమానమెక్కి ఫీనిక్స్‌లో దిగాలి. బయల్దేరేముందు ఏఏడీ ఆపేసి ఉందో లేదో చూసుకుంటాను. హ్యాండిళ్లు దేనికీ తగులుకోకుండా రిగ్ మొత్తాన్ని మామూలు సంచిలో దూరుస్తాను. తాళ్లు చిక్కుపడితే కోసుకోడానికి మాకు కొక్కెంలా వంగిన చిన్న కత్తి ఒకటుంటుంది. అది తీసి చెక్-ఇన్ సూట్‌కేసులో పడేస్తాను, దాని కోసం ఎవరితో వాదిస్తాం. బెల్టు దగ్గరికి రాగానే, వాళ్లడక్కముందే, "ఇది స్పోర్ట్ పారాచూట్, విప్పాలనుకుంటే నన్ను పిలవండి" అంటాను. ఎక్కువసార్లు పక్కకి తీసుకెళ్లి, పట్టీల మీదా మడతల సందుల్లోనూ గుడ్డముక్కతో తుడిచి, ఆ ముక్కని మిషన్లో పెట్టి చూసి పంపేస్తారు. సైప్రెస్ వాళ్లిచ్చిన కార్డొకటి నా దగ్గరుంటుంది. రిగ్ ఎక్స్‌రేలో ఎలా కనబడుతుందో దాని మీద అచ్చేశారు. స్క్రీనునీ కార్డునీ పక్కపక్కన పెట్టి చూసుకుంటే వాళ్లకీ నిమ్మళం.

ఒక చిన్న ఊరి ఎయిర్‌పోర్టులో మాత్రం నా గుండె జారిపోయింది. కొత్తగా చేరిన కుర్రాడిలా ఉన్నాడు. నేను చెప్పింది సగమే విన్నాడు. రిగ్‌ని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టి, ఎడం పట్టీకున్న వెండిరంగు హ్యాండిల్లో రెండు వేళ్లు దూర్చి, "ఇదేంటి?" అంటూ పైకెత్తబోయాడు. రిజర్వ్ హ్యాండిలది నాన్నా. లాగితే ఎర్ర దారం తెగుతుంది, మూత విడిపోతుంది, లోపల స్ప్రింగుతో నొక్కి పెట్టిన బుల్లి పారాచూట్ ఎగిరి అతని మొహాన కొడుతుంది. ఆ వారాంతం అక్కడితో సరి. నేను బల్లకి ఇవతలున్నాను. సామాను ముట్టుకోకూడదు. అరిస్తే ఇంకో గొడవ. చెకింగులో గొంతు పెంచినవాడి సంచి అడుగుదాకా దులుపుతామని నువ్వనేవాడివి చూడు, అదే తలకెక్కింది. చేతులు రెండూ కనబడేలా బల్ల అంచున పెట్టి, "సార్, అది లాగితే మొత్తం తెరుచుకుంటుంది. మీ సూపర్‌వైజర్ని ఒకసారి పిలుస్తారా?" అన్నాను. అతను నా మొహంలోకి చూశాడు, హ్యాండిల్లోకి చూశాడు, వేళ్లు మెల్లగా తీశాడు. సూపర్‌వైజరావిడ వచ్చి కార్డు చూసింది. నన్ను దగ్గరికి పిలిచి ఒక్కో భాగం చూపించి ఇదేంటి, అదేంటి అని అడిగింది. నేను చెబుతుంటే ఆ కుర్రాణ్ణి పక్కన నిలబెట్టి వినమంది. అతనిమీద నాకు కోపం లేదు. యజమాని దగ్గరుండాలని రూలు రాశారు, దగ్గరున్నవాళ్లని అడగమని అతనికి నేర్పలేదు. అది పైవాళ్ల పని.

తోటి ప్రయాణికుల సంగతి వేరు. పారాచూట్ అని తెలిసిందంటే చాలు, "మాకు తెలియనిదేమైనా నీకు తెలుసా?" అని మొదలుపెడతారు. ఎవరికి వాళ్లు ఆ జోకు తామే కనిపెట్టామనుకుంటారు. ముప్పై అయిదు వేల అడుగుల మీద లోపలి గాలి ఒత్తిడికి ఆ తలుపు మనిషి బలంతో తెరుచుకోదని, మేం దూకేది పదమూడు వేల అడుగుల దగ్గర, చిన్న విమానంలోంచని మొదట్లో ఓపిగ్గా చెప్పేదాన్ని. ఇప్పుడు నవ్వి ఊరుకుంటున్నా. చెకింగు లైనులో మాత్రం ఎవరు జోకేసినా పలకను. అది నువ్వు నేర్పిందే.

మన ఊరి సిరిమాను పండక్కి వచ్చేటప్పుడు దాన్ని తెస్తానేమోనని అమ్మ భయం. తేను. ఢిల్లీ నుంచి వైజాగ్ విమానంలో చేతి సంచికి ఏడు కిలోలే, రిగ్ ఒక్కటే దానికి మించిపోతుంది. చెక్-ఇన్‌లో వెయ్యడం నాకిష్టం లేదు. అయినా తెచ్చి ఏం చేస్తాను, గంటస్తంభం మీంచి దూకుతానా? ఆ పది కిలోలకీ అప్ప పిల్లలకి చాక్లెట్లు, నీకు ఆ మోకాలి పట్టీ వస్తాయి. పట్టీ సైజు కొలిచి పంపమని రెండుసార్లు చెప్పాను. మోకాలికి నాలుగు వేళ్ల పైన టేపు చుట్టి కొలవాలి, అప్పని కొలవమను, నువ్వు కొలిస్తే తగ్గించి చెబుతావు.

ఇందులో ఆ ఎక్స్‌రే కార్డు జిరాక్సు పెట్టాను. సాయంత్రం అయ్యకోనేరు గట్టు మీద కూర్చునే మీ రిటైర్డు బ్యాచికి చూపించు. ఇదేమిటో ముందే చెప్పకు. స్క్రీను మీద ఇది కనబడితే ఆపుతారా, వదిలేస్తారా అని ఒక్కొక్కర్నీ అడిగి నాకు రాయి. వదిలేస్తామన్నవాళ్లకి ఆ రోజు టీ పోయించకు.

నీ చిన్ని