మీ నాన్న ముద్దన్నం మెచ్చుకున్నారు

చిన్నీ,

ఎలా ఉన్నావమ్మా, టైముకి తింటున్నావా? మేం బానే ఉన్నాం, నిన్న షింకన్‌సేన్, అదే ఇక్కడి బుల్లెట్ రైలు, ఎక్కి టోక్యో నుంచి క్యోటో వచ్చేశాం, రెండుంపావు గంటల్లో దించేశాడు. ఫుజీ కొండ కనపడుతుందని మీ నాన్న పట్టుబట్టి కుడివైపు కిటికీ సీటు తీసుకున్నారు, తీరా చూస్తే అంతా మబ్బే.

అసలు సంగతి విను. ముప్పై ఏళ్ల నుంచి అన్నం కాస్త మెత్తబడితే చాలు కంచం ముందు మూతి ముడుచుకునే మనిషి, ఇక్కడ ముద్దగా అతుక్కుపోయిన అన్నాన్ని ఆహా ఓహో అంటూ లాగిస్తున్నారు! పొడిపొడిగా ఉంటే పుల్లలకి దొరకదు కదే అని మళ్ళీ నాకే పాఠం. కొంబినీలో, అదే ఇరవైనాలుగు గంటలూ తెరిచుండే కొట్లో, ఒనిగిరి అని అన్నం ముద్ద అమ్ముతారు, నీకు చిన్నప్పుడు కలిపి పెట్టిన ముద్దలే అనుకో, కాకపోతే మూడు మూలలుంటాయి, చుట్టూ సముద్రపు నాచు. కవరు మీద 1, 2, 3 అని వేసి ఉంటుంది, ఆ వరసలో చింపాలి. మీ నాన్న 3 నుంచి మొదలెట్టారు, నాచు కవర్లోనే ఉండిపోయింది, ముద్ద ఒళ్ళో పడింది. లోపల ఎర్రగా ఉమెబోషి అనే ఊరగాయ పెడతారు, ఉప్పూ పులుపూ తప్ప కారం లేదు, నూనె లేదు, పోపు లేదు, పాపం.

మొన్న శనివారం కదా నీచు ముట్టం, మిసో సూప్ అంటే సోయానే కదా అని ఇద్దరం గిన్నెలెత్తి తాగేశాం. తర్వాత తెలిసింది, ఎండబెట్టిన చేపని చెక్కపొట్టులా తురిమి ఆ నీళ్ళతో కాస్తారట. మీ నాన్న ఏడుకొండలవాడిని తల్చుకుని అక్కడే లెంపలేసుకున్నారు, పక్క టేబుల్ వాళ్ళు అదేదో మన మర్యాద అనుకున్నారో ఏమో తలొంచి దణ్ణం పెట్టారు. నాకు నవ్వాగలేదు.

ఇంకోటి, సందు సందుకీ కూల్‌డ్రింక్ మెషిన్లే, ఎర్ర లేబుల్ ఉంటే వేడిది, నీలం అయితే చల్లది. కాఫీ అనుకుని నొక్కితే మొక్కజొన్న సూప్ వచ్చింది! ఆ ఖాళీ డబ్బా పడేద్దామంటే రోడ్డు మీద చెత్తబుట్ట ఒక్కటీ కనపళ్ళేదు, సాయంత్రం దాకా నా హ్యాండ్‌బ్యాగ్‌లోనే మోసా.

వచ్చే వారం వచ్చేస్తాం. ఇంటికెళ్ళాక కుక్కర్లో ఇంకో గ్లాసు నీళ్ళు ఎక్కువ పోసి చూస్తా, అప్పుడేమంటారో నీకు ఫోన్ చేసి చెప్తాలే.

అమ్మ